క్విక, రెండు

సాల్వోర్ చేతిలో గుర్రం కాలు ఉన్నప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. ఈ సంగతి మా లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాడా కొట్టేటప్పుడు మేకు మీద పడే ప్రతి దెబ్బనూ ఆమె చెవితో వింటుంది. డెక్కలో చచ్చిన భాగంలోంచి మేకు దిగుతున్నంతసేపూ దెబ్బ ఖంగుమంటుంది. లోపలి పచ్చి భాగానికి దగ్గరైతే ఆ మోత మెత్తబడుతుంది. అక్కడ ఆపేసి, మేకు పీకి, కాస్త పక్కకు జరిపి మళ్లీ కొడుతుంది. ముప్పై ఏళ్లలో ఆమె నాడా కొట్టిన గుర్రం ఒక్కటీ కుంటలేదు. ఈ మాట తనంతట తాను ఎన్నడూ అనేది కాదు గానీ, పక్కవాళ్లు అంటుంటే ఆపేది కూడా కాదు.

ఆ పచ్చి భాగాన్ని మా భాషలో క్విక అంటారు. గోరు లోతుగా కత్తిరిస్తే చురుక్కుమనేది అదే. నేల అడుగున కరిగి కదిలే రాయి కూడా మాకు క్వికే. రెంటికీ ఒకే మాట ఎందుకని మాలో ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబరు దాకా ఆ అవసరమే రాలేదు.

నేను అల్డాని. ఏటా గొర్రెల్ని కొండల మీంచి దించడానికి వెళ్లే గుంపుకు వంటమనిషిని. సాల్వోర్ ఆ గుంపుకు కొండరాణి. పేరు చూసి కిరీటం గట్రా ఊహించుకోకండి, ఆమె నెత్తిన ఉండేది చెవులు కప్పే పాత ఉన్ని టోపీ. కాకపోతే కొండ మీద ఆమె మాటకు తిరుగులేదు. ఎటు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి రావాలో ఆమే చెప్పాలి. అంతకుముందు ఆ పని మా గుంపులోని థోర్గిల్స్ తాత చేశాడు, తర్వాత వాళ్ల నాన్న చేశాడు. మూడోది తనదేనని థోర్గిల్స్ అనుకున్నాడు. ఊరు సాల్వోర్ పేరు చెప్పింది. పదకొండేళ్లయినా అతనికి ఆ ముద్ద గొంతు దిగలేదు.

ఆ వసంతంలో డాగ్రున్ అనే పిల్ల రాజధాని నుంచి వచ్చి సాల్వోర్ గొర్రెల కొట్టంలో భూకంపాలు పట్టే యంత్రం ఒకటి పెట్టింది. నెలకోసారి వచ్చి చూసుకుని పోయేది. వచ్చినప్పుడల్లా సాల్వోర్ వంటింట్లో కూర్చుని కడుపునిండా తినేది. నేనూ ఆ టైముకే చేరేదాన్ని.

ఒక ఆదివారం నేను బంగాళాదుంపలకు పూతగా పట్టించడానికి పెనం మీద చక్కెర కరిగిస్తున్నాను. సాల్వోర్ పెరుగు మూటకట్టి వేలాడదీసి, కింద గిన్నె పెడుతోంది.

"సాల్వోర్, మీ మేత కొండల కింద పద్దెనిమిది కిలోమీటర్ల లోతులో రాళ్లు విరుగుతున్నాయి," అంది డాగ్రున్.

"విరగనీ. నా కంచె కూడా విరిగింది. దానికి ఎవరూ యంత్రం పెట్టలేదు."

"అది కాదు. అంత లోతులో విరక్కూడదు."

డాగ్రున్ లేచి వచ్చి నా గరిటె లాక్కుంది. పాకం కాస్త చల్లారనిచ్చి రెండు వేళ్లతో మెల్లగా లాగింది. తీగలా సాగింది. అదే ముద్దను బల్ల అంచుకేసి టక్కున కొట్టింది. రెండు ముక్కలైంది.

"అడుగునున్న రాయి ఇలాంటిదే. వేడికి మెత్తబడి ఉంటుంది. మెల్లగా లాగితే సాగుతుంది, చప్పుడు చెయ్యదు. విరిగిందంటే దాన్ని ఏదో గబగబా తోసినట్టు."

"తోసేదేంటి?"

"క్విక."

సాల్వోర్ చేతిలో పని ఆగింది. గుర్రాల మనిషికి ఆ మాట ఎక్కడ వినబడినా చెయ్యి ఆగుతుంది. "అదెక్కణ్ణించి వచ్చింది?" అని అడిగింది.

డాగ్రున్ పెరుగు మూట వైపు చూపించింది. "ఇంకా కిందనించి. ముప్పై కిలోమీటర్లకి దిగువన వేడి రాయి మెల్లమెల్లగా పైకి లేస్తుంటుంది. గట్టిదే. కానీ లేచేకొద్దీ మీద బరువు తగ్గుతుంది కదా, తగ్గేసరికి అందులో కొంచెం కరుగుతుంది. మొత్తం కాదు. రేణువుకీ రేణువుకీ మధ్య తడిలాగా. ఈ మూటలో నీళ్లు దారి చూసుకుంటున్నాయే, అలా దారి చూసుకుంటుంది. ఇది కిందకి కారుతుంది, అది చుట్టూ ఉన్న రాయికన్నా తేలిక కాబట్టి పైకి కారుతుంది."

"పైకి కారడమేంటే? చదువుకున్నోళ్ల మాటలు!" అన్నాను నేను.

"నిజమే అల్డా. కారి కారి నేల పొర అడుగున మడుగు కడుతుంది. ఆ వేడికి పక్కనున్న రాయి కూడా కాస్త కరుగుతుంది. తగినంత పోగయ్యాక మీది రాయిలో సందు చేసుకుని దూరుతుంది. కొంతదూరం పోతుంది. అంచులు చల్లారి గడ్డకడతాయి, ఆగుతుంది. వెనకనించి ఇంకాస్త వచ్చి తోస్తే మళ్లీ కదుల్తుంది."

"మా గొర్రెల్లాగే ఉంది. వెనకది తోస్తే గానీ ముందుది నీళ్లలో దిగదు," అంది సాల్వోర్. "సరే, పైకొస్తుందా?"

"ఎక్కువసార్లు రాదు. దారిలోనే చల్లారి రాయైపోతుంది. మన కింద నేల ఇంత మందంగా ఉందంటే, అలా ఆగిపోయిన క్విక అందులో బోలెడుంది. అయితే ఈసారి ఆగుతుందని నేను రాసివ్వలేను."

"వస్తే ముందే తెలుస్తుందా?"

"పై పదికిలోమీటర్ల రాయి చల్లటిది, పెళుసుది. అది సాగదు, చీలాల్సిందే. చప్పుడు లేకుండా చీలదు. అప్పుడు నా యంత్రం కూడా అక్కర్లేదు, అల్డా కప్పులు చెప్తాయి."

నా కప్పుల సంగతి ఆ పిల్లకు కూడా తెలుసు. కొండ మీద గుడిసెలో నా మంచం పైనే మేకులకు ఇరవై పింగాణీ కప్పులు వేలాడుతుంటాయి. బయట ఎవరైనా గుర్రం దిగినా గలగలమంటాయి. వాటి పుణ్యమాని నేను ఏ రాత్రీ సరిగ్గా నిద్రపోయి ఎరగను.

వేసవి గడిచేసరికి లోతు పద్దెనిమిది నుంచి పద్నాలుగుకు వచ్చింది. ఊళ్లో సభ పెట్టారు. పైన రెండు వేల గొర్రెలున్నాయి. సెప్టెంబరు చివర్లో మంచు పడితే ఒక్కటీ మిగలదు. వాటిని తేవాలంటే ఇరవై మంది మనుషులు సరిగ్గా ఆ క్విక నెత్తి మీదకే వెళ్లాలి.

థోర్గిల్స్ లేచి, "గొర్రె పోతే గొర్రె పుడుతుంది. మనిషి పోతే? ఏం చూసుకుని వెళ్దామంటావు రాణీగారూ?" అన్నాడు. మా దగ్గర మంత్రినైనా పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తాం. 'గారూ' అన్నాడంటే గుచ్చడానికే.

సాల్వోర్ కూర్చున్నచోటి నుంచే జవాబు చెప్పింది. "వాటిని పైకి తోలింది మనం. మనమే వెళ్లి తేవాలి. రోజూ పొద్దున్నే డాగ్రున్ లోతు ఎంతో చెప్తుంది. ఆ అంకె ఎనిమిదికి వచ్చిందా, గొర్రెల్ని ఎక్కడివక్కడ వదిలేసి దిగిపోదాం. నేనే ముందు గుర్రం తిప్పుతా. ఎనిమిది దాకా రాకపోతే పని పూర్తిచేసుకునే వస్తాం."

ఆ మాటకు అందరూ చేతులెత్తారు. థోర్గిల్స్ కూడా ఎత్తాడు, చెవి గోక్కుంటున్నట్టు.

మంచు ముందే వస్తుందన్న భయంతో ప్రయాణం వారం ముందుకు జరిపారు. నాలుగు రోజుల్లో నలభై గుర్రాలకు నాడాలు కొట్టాలి. సాల్వోర్ తినడానికి కూడా కూర్చోలేదు. ఆఖరి రోజు నేను ఎండుచేప, వెన్న పట్టుకుని కొట్టంలోకి వెళ్లేసరికి గెస్తుర్ గుర్రం కాలు ఆమె ఒళ్లో ఉంది, చేతిలో సుత్తి ఆడుతోంది, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది. "పద్నాలుగేనా? నిన్న కూడా పద్నాలుగేగా? తూర్పు వైపు ఎంత?" అని అడుగుతూనే మేకు కొడుతోంది. నాకు ఎబ్బెట్టుగా అనిపించింది. నోరు తెరిచి అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

ఈ గెస్తుర్ గురించి చెప్పాలి. మాటకింత అని ఎవరో సుంకం వేసినట్టు మాట్లాడే మనిషి. భార్య పోయిన రోజు ఊరికి ఫోన్ చేసి "ఒక్కణ్ణే" అని పెట్టేశాడు. మంచివాడు, కొండదారులు అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. అందుకే నలుగురు మనుషుల్నిచ్చి నదికి అవతల తూర్పు గుడిసెకు పంపాం. దూరం అందుకునే రేడియో అక్కడే ఉంది. డాగ్రున్ అంకె అతనికి చేరితే, అతను చేతి రేడియోలో మా పడమటి గుడిసెకు చెప్పాలి. చెప్పగానే బ్యాటరీ తీసి జేబులో వేసుకుంటాడు. మళ్లీ మర్నాడు పొద్దున దాకా అతన్ని పలికించడం ఎవరి తరమూ కాదు.

మొదటి పొద్దున: "పద్నాలుగు." రెండో పొద్దున: "పదమూడున్నర." మూడో పొద్దున మేమంతా కాఫీ కప్పులు పట్టుకుని రేడియో చుట్టూ నిలబడ్డాం. ఆ రోజు నది దాటి, గెస్తుర్ వాళ్లు పోగుచేసిన తొమ్మిది వందల గొర్రెల్ని మా మందలో కలుపుకుని కిందికి తిరగాలి. రేడియో బరబరమంది. గెస్తుర్ గొంతు వచ్చింది.

"క్విక. రెండు."

అంతే, ఆగిపోయింది.

దాచుకోవడమెందుకు, నా ఇద్దరు పిల్లల మొహాలు కళ్ల ముందు తిరిగాయి. ముందుగా థోర్గిల్స్‌కు నోరు వచ్చింది.

"రెండు కిలోమీటర్లు! విన్నారుగా? గుర్రాలెక్కండి. గొర్రెలు లేవు, గిర్రెలు లేవు."

"ఆగు," అంది సాల్వోర్.

"ఎనిమిదన్నది నువ్వే. ముందు గుర్రం తిప్పుతానన్నది నువ్వే."

"నేనే అన్నాను. అది క్విక లోతు అయితే ఇప్పుడే తిప్పుతా. అల్డా, రాత్రి నీ కప్పులు మోగాయా?"

"లేదు."

"నిద్రపోయావేమో."

"ఆ కప్పుల కింద నేనెప్పుడు నిద్రపోయాను? ఒక్కసారి కూడా మోగలేదు."

సాల్వోర్ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. మాట తొందరపడలేదు. "నిన్న పదమూడున్నర. మూడు నెలల్లో నాలుగు కిలోమీటర్లు ఎక్కింది, ఒక్క రాత్రిలో పదకొండు ఎక్కిందా? ఎక్కిందే అనుకుందాం. పై రాయి పెళుసుది, చీలకుండా రాలేదు. మన కాళ్ల కింద అంత మేర చీలితే ఒక్క కప్పైనా కదలదా? ఇంకొకటి. రెండు రోజులూ గెస్తుర్ ఉత్త అంకే చెప్పాడు. ఇవాళ క్విక అని ఎందుకన్నాడు? అక్కర్లేకుండా ఒక మాట ఎక్కువ వాడే మనిషేనా వాడు?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"మరి ఏమంటావు?" అన్నాడు థోర్గిల్స్.

"గుర్రాలంటాను. రెండు గుర్రాలకి మేకు పచ్చికి తగిలింది. మేకు పచ్చికి ఆనుకుని దిగితే మొదటి రోజు కుంటదు. మూడో రోజు కుంటుంది. ఇవాళ మూడో రోజు."

అందరి కళ్లూ ఆమె మీదికి తిరిగాయి. గెస్తుర్ గుర్రాలకు నాడాలు కొట్టింది ఎవరో అందరికీ తెలుసు. థోర్గిల్స్‌కు పదకొండేళ్లుగా కావలసిన మాట ఇన్నాళ్లకు నోటి దగ్గరికి వచ్చింది.

"అంటే నీ మేకులా? నువ్వు కొట్టిన మేకులేనా?"

"నా మేకులే," అంది సాల్వోర్. "కొట్టేటప్పుడు చెవిలో ఫోన్ పెట్టుకుని లోతు ఎంతని అడుగుతున్నా. అల్డా చూసింది. నేల కింద క్విక ఎక్కడుందో వింటూ కూర్చున్నా, ఒళ్లో ఉన్న కాలు చెప్పేది వినలేదు. అవతల ఐదుగురు మనుషులు చాలినన్ని గుర్రాల్లేక నది ఒడ్డున నిలబడి ఉంటారు. మనం వెళ్లకపోతే తొమ్మిది వందల గొర్రెల్ని వాళ్లు దాటించలేరు, ఎల్లుండి మంచు. నేను వెళ్తున్నా. నా లెక్క తప్పని ఎవరికైనా అనిపిస్తే ఇక్కణ్ణించే దిగిపోండి, ఒక్క మాట అనను. దారిలో నేల ఒక్కసారి కదిలినా నేనూ వెనక్కి తిరుగుతా."

ఆమె చెప్పినదాంట్లో ఏది వాళ్లను కదిలించిందో నాకు ఇప్పటికీ తెలియదు. కప్పుల లెక్క అయితే కాదనుకుంటాను. ఆ మనిషి తన ముప్పై ఏళ్ల పేరును పదిహేను మంది ముందు అలా బల్ల మీద పెట్టేసింది. తప్పు కాదేమో అని తప్పించుకునే దారి ఎదురుగా ఉండగా, తప్పు నాదే, దాని మీద నిలబడి వెళ్దాం రండి అంటున్న మనిషిని నమ్మకుండా ఉండటం కష్టం. ఒక్కొక్కరే కప్పులు కడిగి మేకులకు తగిలించారు. థోర్గిల్స్ అందరికన్నా ఆఖర్న జీను బిగించాడు. "నాకైతే ఇది పిచ్చే అనిపిస్తోంది," అంటూనే ఎక్కాడు.

ఆ నాలుగు గంటల దారిలో ఎవరూ పాట ఎత్తుకోలేదు. నేను గుర్రం చెవుల్నే చూస్తూ కూర్చున్నాను. నేల కదిలితే ముందు వాటికే తెలుస్తుందని మా అమ్మ అనేది. చెవులు కదలలేదు.

నది అవతల గొర్రెలు ముసిరి ఉన్నాయి. వాటి ముందు ఒక బాల్చీ బోర్లించుకుని గెస్తుర్ కూర్చుని ఉన్నాడు. అతని పక్కన రెండు గుర్రాలు, రెండూ ముందరి కాలు ఒకటి పైకెత్తి పట్టుకుని నిలబడ్డాయి.

సాల్వోర్ నీళ్లలోంచి నేరుగా వాటి దగ్గరికే వెళ్లింది. బూట్లలో నీళ్లు కూడా ఒంపుకోలేదు. మొదటి గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కో మేకూ పీకింది. మూడో మేకు కొన తడిగా వచ్చింది. రెండో గుర్రానిది కూడా అంతే. ఆ రెండు మేకుల్నీ అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి జేబులో వేసుకుంది. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, అప్పుడూ చూడలేదు. గుర్రం మెడకు నుదురు ఆనించి నిలబడితే మాత్రం నేను అటు తిరిగి కాఫీ పెట్టాను.

"ఇవాళ లోతు ఎంత చెప్పింది డాగ్రున్?" అని థోర్గిల్స్ గెస్తుర్ మీద విరుచుకుపడ్డాడు.

"నిన్నటిదే."

"మరి చెప్పవేం?"

"మారలేదుగా."

థోర్గిల్స్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నది ఒడ్డున అందరూ పడీపడీ నవ్వారు. భయమంతా ఆ నవ్వులోనే పోయింది. సాల్వోర్ నవ్వలేదు.

గొర్రెల్ని చీకటి పడకముందే దాటించాం. మర్నాడు కిందికి దించేటప్పుడు మందకు ముందు కొండరాణి ఉండాలి. ఊరంతా గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి ఎదురుచూసేది ఆ దృశ్యం కోసమే. సాల్వోర్ తన గుర్రాన్ని గెస్తుర్‌కిచ్చింది. ముందు నడవమని థోర్గిల్స్‌తో చెప్పింది. అతను రెండుసార్లు వద్దన్నాడు. ఆ వద్దనడం మాత్రం నిజంగానే వద్దనడం, అతనికి ఆ మార్కు ఇవ్వాలి. ఆమె వినలేదు. కుంటుతున్న రెండు గుర్రాల్నీ చెరో చేత్తో పట్టుకుని, వాటి నడకకు తన నడక తగ్గించుకుని, రెండు వేల గొర్రెలు లేపిన దుమ్ములో అన్నిటికన్నా వెనక నడిచి వచ్చింది. ఊరు చేరేసరికి దొడ్డి తలుపులు మూసేస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమైందో తనే చెప్పింది, ఒకరి నోటినుంచి ఇంకొకరికి పోయేదాకా ఆగలేదు.

ఆ రాయి సంగతా? చలికాలంలో ఇంకొంచెం ఎక్కింది, వసంతానికి ఆగిపోయింది. చల్లారి గడ్డకట్టి ఉంటుందని డాగ్రున్ అంటోంది. కొత్తగా కొంత నేల అడుగునుంచి మాకు చేరిందన్నమాట, ఎవరికీ పట్టా లేకుండా. మా గొర్రెలు ఇప్పుడు దాని మీదే మేస్తున్నాయి.

సాల్వోర్ మాత్రం సుత్తి ముట్టుకోలేదు. గుర్రాలు రెండూ నెలలోపే బాగయ్యాయి. అయినా ఎవరైనా అడిగితే పక్క లోయలో మంచి పనివాడున్నాడని చెప్పి పంపేసేది. ఆ రెండు మేకుల్నీ కొట్టంలో యంత్రం పైన గోడకు గుచ్చింది. నేను చెప్పి చూశాను, తిట్టి చూశాను, లాభం లేకపోయింది. ఆమె చేతులు ఊరికే ఒళ్లో పడి ఉంటే చూడటం నాకు బాధగా ఉండేది.

మళ్లీ ఆగస్టు వచ్చింది. ఒక పొద్దున మేమిద్దరం కాఫీ తాగుతుంటే వాకిట్లో డెక్కల చప్పుడైంది. గెస్తుర్. వెనక తాడు పట్టుకుని అవే రెండు గుర్రాలు.

"నాలుగేసి," అన్నాడు.

సాల్వోర్ కప్పు కింద పెట్టింది. "ఏం నాలుగేసి? పోయినేడు నీ రెండు మాటలతో మా ప్రాణాలు తీశావు. ఈసారి పూర్తిగా చెప్పు."

గెస్తుర్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. నేలకేసి చూశాడు, కొండకేసి చూశాడు. అంత పెద్ద మాట అతను అనడం మా ఊళ్లో ఎవరూ వినలేదు, విన్నది మేమిద్దరమే.

"రెండు గుర్రాలకీ నాలుగేసి నాడాలు కొట్టాలి, నువ్వే కొట్టాలి, ఇంకొకళ్ల దగ్గరికి నేను వెళ్లను."

సాల్వోర్ జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టి, సుత్తి కోసం కొట్టంలోకి వెళ్లింది.